పిల్లి తడిపిన పరుపు

కొల్లాపురమునుండి ఒక సోదరి మాకు వ్రాసిన జాబు సారాంశమిది. మామిడికాయలు మాగవేసిన గదిలో ఎలుకల బాధ పడలేక వారొక గండుపిల్లిని పెంచుకొనిరి. కొన్నాళ్లుగా అది వసారాలోని దివానుమీదనే మూత్రము విడుచుచున్నది. పైగుడ్డ ఎన్నిమారులు ఉతికినను తొలకరివాన పడగానే వాసన మరల లేచుచున్నది. పిల్లిని గోనెసంచిలో గట్టి సోమశిల రేవున విడిచి రమ్మని అత్తగారు పట్టుబట్టినారు. ఏమి చేయవలెనని సోదరి ప్రశ్న.

సంచిని కొంచెము ఆపుడు. వాసన గుడ్డలో లేదు, లోపలి దూదిలో నున్నది. మూత్రమునందలి యూరియాను సూక్ష్మజీవులు అమోనియాగా మార్చును. అదియే ముక్కుపుటములదరగొట్టు ఘాటు. యూరిక్ ఆమ్లమన్ననో నీటిలో సులభముగా గరగదు. పలుకులై పోగులను పట్టుకొనియుండి, గాలిలో తేమ హెచ్చగానే మరల తన ఉనికిని చాటును. బీజములు తీయించని గండుపిల్లి మూత్రములో గంధకముతో గూడిన ఫెలినిను అను పదార్థము అధికము. అది మెల్లగా విరిగి దుర్గంధమగును. సాంబ్రాణి పొగ వేసినచో ఒక వాసనకు మారు రెండగును, అంతియే.

తడి ఆరకమునుపే చూచినచో పొడిగుడ్డను పరచి అదిమి పీల్పవలెను. రుద్దరాదు, రుద్దిన కొలదియు లోనికి దిగును. పిదప చన్నీళ్లు చిలికి మరల అదుముడు. ఒకపాలు వినిగరునకు రెండుపాళ్లు నీరు కలిపి తడుపుట మంచిది. అది అమోనియాను అణచును గాని యూరిక్ ఆమ్లమును తొలగింపజాలదు. ఆరిన తరువాత వంటసోడా చల్లి, ఒక రాత్రి యుంచి దులుపుడు. పాతమరకకు పెంపుడు జంతువుల వస్తువులమ్ము అంగళ్లలో దొరకు ఎంజైముల ద్రావకమే తగినది. మూత్రమెంత లోతునకు దిగెనో ద్రావకమును అంతలోతునకు దిగవలెను. కొన్ని గంటలు తడియారనీయరాదు. ఏదైనను ముందు కనబడని మూలను పరీక్షించుడు. వేడినీళ్లు, ఆవిరి మరకను పట్టించును. బ్లీచింగు పౌడరు మాత్రము వలదు. మూత్రముతో కలిసినచో విషవాయువు పుట్టును.

దూదిపరుపైనచో మా మాట వినుడు: కుట్లు విప్పి, చెడిన దూదిని పారవైచి, మిగిలినదానిని ఎండలో నారబోసి ఏకించుడు. శ్రమయే, కాని ఇంతకంటె నమ్మకమైన మార్గము లేదు.

ఇక పిల్లి సంగతి. అది పగబట్టి చేయునను మాట వట్టిది. అలవాటు హఠాత్తుగా మారినచో వ్యాధి యుండవచ్చును. మాటిమాటికి కూర్చుండి ముక్కుచున్నదా? చుక్కలు మాత్రమే పడుచున్నవా? అరచుచున్నదా? నెత్తురు కనబడుచున్నదా? గండుపిల్లులకు మూత్రనాళము సన్నము. పూర్తిగా మూసికొనినచో ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును. ఆనాడే పశువైద్యశాలకు గొనిపోవలెను. జాలిపడి మన పారాసిటమాలు బిళ్ల వేయకుడు. పిల్లికి అది విషము. ఈ ప్రశ్నలకు ఉత్తరము చూడకయే దానిని రేవున విడుచుట చంపుటయే యగును. అత్తగారికి ఈ వాక్యము చదివి వినిపింపుడు.

వ్యాధి లేదని వైద్యుడు చెప్పినచో, బీజములు తీయించుట గూర్చి ఆయననే అడుగుడు. గండుపిల్లులు చిమ్ము అలవాటు దానివలన చాలవరకు తగ్గును. ఇంటిలో సందడిలేని మూలను, అన్నపు గిన్నెకు దూరముగా, వెడల్పాటి తొట్టిలో ఇసుకపోసి యుంచి దినదినము శుభ్రపరచుడు. దివాను పూర్తిగా ఆరువరకు వసారా తలుపు మూసియుంచుడు.