బిల్లు ఒకరి పేరున, బాకీ ఒకరి మెడకు

బ్రిటన్‌లో ఎక్కువ ఇళ్లలో కరెంటుకీ గ్యాస్‌కీ 'డైరెక్ట్ డెబిట్' వుంటుంది. ఆ ఇంటికి ఏడాదికి ఎంత ఖర్చవుతుందో కంపెనీ అంచనా వేసి, దాన్ని పన్నెండు భాగాలు చేసి, నెలకొక భాగం బ్యాంకు ఖాతాలోంచి తనే తీసుకుంటుంది. వేసవిలో కాస్త మిగులు చేరుతుంది, చలికాలంలో ఇల్లు వెచ్చగా వుంచుకోవడానికి ఆ మిగులు కరిగిపోతుంది. సౌకర్యంగానే వుంటుంది. కానీ వసూలు చేసే పని మొత్తం కంపెనీ చేతిలోకి వెళ్లిపోయాక, ఆ వసూలు జరగకపోతే? తప్పు ఎవరిదన్నది ఒక ప్రశ్న, బాకీ ఎవరి నెత్తిన పడుతుందన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు కంపెనీయే అయినా, రెండోదానికి జవాబు చాలాసార్లు ఆ ఇంట్లో మిగిలిన ఆడమనిషి.

2021లో గ్యాస్ టోకు ధరలు విపరీతంగా పెరిగి, ఏడాది తిరిగేలోగా అక్కడ దాదాపు 30 సరఫరా కంపెనీలు దివాలా తీశాయి. వాటి వినియోగదారుల్లో ఎక్కువమందిని ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ వేరే కంపెనీలకు అప్పగించింది. ఆ రోజుల్లో నేను పరిశోధన పని మీద లెస్టర్‌లో చిన్న అద్దె ఇంట్లో వున్నాను. నా ఖాతా కూడా అలా చేతులు మారింది. కొత్త కంపెనీ వరసగా ఏడు నెలలు డబ్బు తీసుకోలేదు. ప్రతి బిల్లు అడుగునా 'మీరు చేయవలసిందేమీ లేదు, డైరెక్ట్ డెబిట్ ద్వారా వసూలు చేసుకుంటాం' అని అచ్చయి వస్తూనే వుంది. రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ 'అంతా సరిగానే వుంది' అన్నారు. ఎనిమిదో నెలలో మీరు 742 పౌండ్లు బాకీ వున్నారు, 14 రోజుల్లో కట్టండి అని ఉత్తరం! దానితో పాటే నెలవారీ మొత్తం రెట్టింపు.

అక్కడ 2018 మే నుంచి ఒక మంచి నియమం అమల్లోకి వచ్చింది. కంపెనీ తన పొరపాటు వల్ల సరైన బిల్లు ఇవ్వకపోతే, 12 నెలలు దాటిన వాడకానికి తర్వాత డబ్బు అడగకూడదు. ఇది అన్ని పాత బాకీలకూ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. బిల్లు సరిగ్గానే పంపి డబ్బు మాత్రం తీసుకోకపోతే ఈ రక్షణ దొరకడం కష్టం. అప్పుడు ఇంగ్లండ్‌లో మామూలు అప్పులకుండే ఆరేళ్ల గడువే మిగులుతుంది. అంటే బాకీ పోదు, ఎలా కట్టాలన్న బేరమే మిగులుతుంది. వాయిదా నిర్ణయించేటప్పుడు మనిషి స్తోమతను లెక్కలోకి తీసుకోవాలని కంపెనీల లైసెన్సు షరతుల్లోనే వుంది. ఫిర్యాదు 8 వారాల్లో తేలకపోతే ఖర్చు లేకుండా ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లే వీలు అప్పటికి వుంది. ఐదు వారాల ఉత్తరాల తర్వాత ఏడాదిన్నర వాయిదాలు రాయించుకోగలిగాను. నాకు ఇంగ్లీషు వచ్చు, ఇంట్లో కంప్యూటరు వుంది, పగటిపూట గంటసేపు ఫోనులో వాళ్ల సంగీతం వింటూ కూర్చునే వీలుంది. ఖాతా నా పేరున వుంది. ఈ నాలుగింటిలోనూ చివరిది అన్నిటికన్నా ముఖ్యం.

అదే వీధిలో మన గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకామె వుండేది. భర్తది వుద్యోగం వీసా, ఆమెది డిపెండెంటు వీసా. ఇద్దరు పిల్లలు. అతను ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. వెళ్లిన వారంలోనే తన బ్యాంకుకి చెప్పి డైరెక్ట్ డెబిట్ రద్దు చేయించాడు. అది ఖాతాదారు హక్కు, ఇంకెవరినీ అడగనక్కరలేదు. 'చెల్లింపు జరగలేదు' అన్న మెయిళ్లన్నీ అతనికే వెళ్లాయి. ఆమెకు తెలిసింది వసూలు ఏజెన్సీ మనిషి తలుపు తట్టినప్పుడు. కంపెనీకి ఫోన్ చేస్తే 'ఖాతాదారుతో తప్ప మాట్లాడలేం, అది వ్యక్తిగత సమాచారం' అన్నారు.

'మాట్లాడ్డానికి పనికిరానిదాన్ని కట్టడానికి ఎట్టా పనికొచ్చానక్కా?' అని అడిగింది నన్ను. ఇంత సూటి ప్రశ్న నేను ఏ సెమినారులోనూ వినలేదు.

చట్టం ప్రకారం జవాబు సగం ఆమె పక్షానే వుంది. ఒప్పందం అతని పేరున వున్నన్నాళ్ల బాకీ అతనిది. ఆ ఒప్పందం ముగిశాక ఆ ఇంట్లో కరెంటు వాడుకుంటున్న మనిషితో, సంతకం లేకపోయినా, ఒప్పందం వున్నట్టే అక్కడి చట్టం భావిస్తుంది. కాబట్టి తేదీ ముఖ్యం, ఆ రోజు మీటరు రీడింగు ముఖ్యం. మీటరు ఫోటో తీసి, ఆ తేదీ నుంచి ఆమె పేరున కొత్త ఖాతా తెరిపించి, వెనకటి బాకీ ఆమెది కాదని రాతపూర్వకంగా తీసుకున్నాం. బ్రిటన్ 2021లో చేసిన గృహహింస చట్టం ఆర్థిక వేధింపును కూడా హింస నిర్వచనంలో చేర్చింది. ఆ చట్టం పేరు ఉత్తరంలో రాశాకే కంపెనీ స్వరం మెత్తబడింది. అయినా కొత్త బిల్లు కట్టడానికి డబ్బేదీ? 'ప్రభుత్వ నిధులకు అర్హత లేదు' అని వీసా మీద ముద్ర వున్నామెకి, పక్కింటి తెల్లామెకి దొరికే సహాయాల్లో చాలా భాగం దొరకవు.

మన పొదుపు సంఘాల్లో పనిచేసినవాళ్లకి దీని తిరగేసిన రూపం బాగా తెలుసు. 2010లో సూక్ష్మరుణాల సంక్షోభం వచ్చినప్పుడు అప్పు ఆమె పేరున వుండేది, డబ్బు చాలా ఇళ్లలో ఆయన చేతిలో ఖర్చయ్యేది. ఇక్కడ కాగితం ఆయన పేరున, కట్టాల్సింది ఆమె. పేరు ఎటు వున్నా గుమ్మంలో నిలబడి జవాబు చెప్పేది మాత్రం ఆమే.

బాకీ తీరకపోతే బ్రిటన్‌లో కంపెనీ వేసే తర్వాతి అడుగు ప్రీపేమెంట్ మీటరు. ముందు డబ్బు వేస్తేనే వెలుగు. వేసిన దాంట్లో కొంత పాత బాకీకి పోతుంది, మిగిలినదే వాడకానికి. డబ్బు అయిపోతే సరఫరా ఆగిపోతుంది. దీనికి వాళ్ల భాషలో పేరు 'స్వయంగా కనెక్షను తెంచుకోవడం'. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. ఎవరూ స్తంభం ఎక్కలేదు, ఎవరూ ఫ్యూజు పీకలేదు, నోటీసూ ఇవ్వలేదు. పిల్లలకి పాలు వేడి చేయాలా, రాత్రికి గది వేడి చేయాలా అని లెక్కలు వేసుకుని ఓడిపోయిన తల్లే తన కరెంటును తనే తెంచుకుందట! 2022లో 32 లక్షల మంది ఇలా కనీసం ఒక్కసారైనా కరెంటో గ్యాసో లేకుండా వుండిపోయారని సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ 2023 జనవరిలో అంచనా చెప్పింది. కరెంటు కోతల గణాంకాల్లో ఈ ఇళ్లు ఎక్కడా కనిపించవు.

స్మార్ట్ మీటరు వుంటే మనిషి ఇంటికి రానక్కరలేదు, దూరం నుంచే ప్రీపేమెంటుకి మార్చేయొచ్చు. పాత మీటరైతే కోర్టు వారంటు తెచ్చి, తాళం పగలగొట్టి బిగించేవారు. టైమ్స్ పత్రిక విలేకరి వసూలు ఏజెన్సీలో వుద్యోగిగా చేరి, చిన్నపిల్లలున్న ఇళ్లలో కూడా అలా బిగిస్తున్నారని 2023 ఫిబ్రవరిలో బయటపెట్టాక గగ్గోలు పుట్టి, అప్పటికి ఆపారు. 2023 నవంబరు నుంచి కొత్త నియమాలొచ్చాయి. బలవంతంగా బిగించే ముందు కనీసం పదిసార్లు ఆ ఇంటివాళ్లతో మాట్లాడే ప్రయత్నం చేయాలి. తోడు లేని 75 ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లలో, రెండేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో బిగించకూడదు. రెండేళ్లు నిండిన మరునాటి నుంచి బిడ్డకు చలి వేయదని ఎవరు లెక్క కట్టారో!

ఇదంతా మనకెందుకంటే, ఆ మీటరు మన దాకా వస్తోంది. 2020 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు కొత్త కనెక్షన్లకు ప్రీపేమెంట్ మీటర్లే వుండాలన్నాయి. 2021లో మొదలైన పంపిణీ రంగ పథకం దేశమంతటా 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. 2024లో వడోదరలోనూ బీహారులోనూ జనం వీటికి ఎదురు తిరిగారు. మన దగ్గర చర్చ ఎక్కువగా టెండర్ల మీదా పంపుసెట్ల మీదా నడిచింది, ఇంటి మీటరు కింద బతికే మనిషి మీద నడవలేదు.

2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బాకీకి కరెంటు తీసేయాలంటే 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. రెండేళ్లు దాటిన బాకీని, అది వరసగా బిల్లుల్లో చూపిస్తూ వస్తే తప్ప, వసూలు చేయకూడదు. అయితే సంస్థ పొరపాటు వల్ల తక్కువ వేసిన బిల్లు విషయంలో 2020లో రహమతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, రెండేళ్లు దాటినా అదనపు బిల్లు వేయొచ్చు, దానికోసం కరెంటు మాత్రం తీయకూడదు అంది. బేరమాడే స్త్రీకి ఈ తేడా చాలా విలువైనది. మన విజిల్‌బ్లోయర్ మిత్రులు మాట్లాడే పెద్ద కుంభకోణాల కన్నా ఇలాంటి చిన్న వాక్యాలే ఒక్కోసారి ఇంట్లో దీపం నిలబెడతాయి. మరి ప్రీపెయిడ్ మీటరుకి ఆ 15 రోజుల నోటీసు ఎవరిస్తారు? ఎవరి ఫోనుకి?

బ్రిటన్‌లో బాకీ మనిషిని అంటుకుంటుంది. మన దగ్గర ఇంటిని అంటుకుంటుంది. కె.సి. నినన్ కేసులో 2023లో సుప్రీంకోర్టు, పాత యజమాని బాకీ తీరిస్తేనే ఆ స్థలానికి కనెక్షను ఇస్తామనే షరతు పంపిణీ సంస్థలు పెట్టుకోవచ్చని చెప్పింది. మన ఇళ్లలో మీటరు మామగారి పేరునో, చనిపోయిన భర్త పేరునో, ఎక్కడో వుండే ఇంటి యజమాని పేరునో వుంటుంది. విడిపోయి వచ్చిన స్త్రీ, వితంతువు, తన పేరు బిల్లు మీద రాయించుకోవాలంటే ముందు తనకు తెలియని బాకీని తీర్చాలి. లెస్టర్‌లో మీటరు ఫోటోతో తేలిన సంగతి ఇక్కడ అలా తేలదు.

విద్యుత్ నియంత్రణ మండళ్లు రెండు రాష్ట్రాల్లోనూ టారిఫ్ మీద బహిరంగ విచారణలు జరుపుతాయి. రైతు సంఘాలూ పరిశ్రమలవాళ్లూ వచ్చి మాట్లాడతారు, స్త్రీల సంఘాలు అరుదు. ఈసారి మనం వెళ్లి మూడు సంగతులు రాసివ్వాలి. మీటరు ఎవరి పేరున వున్నా, ఆ ఇంట్లో వుంటున్న స్త్రీ కోరితే ఆమె ఫోను నంబరు కూడా నమోదు చేసి బాకీ కబురు ఆమెకూ పంపాలి. ప్రీపెయిడ్ మీటరులో డబ్బు అయిపోయినా 56వ సెక్షన్ నోటీసు లేకుండా సరఫరా ఆగకూడదు. భర్త వదిలేసిన, భర్త చనిపోయిన స్త్రీకి పాత బాకీతో సంబంధం లేకుండా, ఆ రోజు రీడింగు నుంచి కొత్త ఖాతా ఇవ్వాలి.