మొదటి రాత్రి బాల్కనీలో వద్దు

కొత్తగా తెచ్చిన కుక్కపిల్ల రాత్రంతా కుయ్‌కుయ్‌మంటోందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పంచాయితీలు ఎక్కువయ్యాయి. వాటికి వచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: ‘‘పట్టించుకోకండి, రెండ్రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది.’’ ఈ మాట చెప్పేవాళ్లలో కుక్కల్ని పెంచినవాళ్లూ ఉంటారు. అయినా సరే, ఇది తప్పుడు సలహా.

పుట్టినప్పుడు కూనకి కళ్లు తెరుచుకోవు, చెవులు వినపడవు. రెండు వారాలకు గానీ కళ్లు విప్పదు. అప్పటిదాకా దాని లోకమంతా తల్లి వాసన, ఒంటి వేడి, మీదపడి దొర్లే తోబుట్టువులే. నిన్న రాత్రి కూడా ఆ గుంపులోనే ఒదిగి పడుకుంది. ఇవాళ దాన్ని అట్టపెట్టెలో పెట్టి కారెక్కించి, సాయంత్రమంతా ఇంటిల్లిపాదీ చేతులు మార్చి, పక్కింటి పిల్లల చేత కూడా ఎత్తించి, సెల్ఫీలు దిగి, పదిన్నర కాగానే బాల్కనీలో వాషింగ్ మెషీన్‌కీ గ్యాస్ సిలిండర్‌కీ మధ్య గోనెపట్టా పరిచి తలుపేసేస్తాం. ఏడవక ఏం చేస్తుంది? అది తల్లి కోసం పిలుస్తోంది. అందులో మొండితనం ఎక్కడుంది?

పేరేం పెట్టాలన్న దాని మీద ఇంట్లో రెండ్రోజులు యుద్ధం జరుగుతుంది గానీ, ఎక్కడ పడుకోబెట్టాలన్నది ఎవరూ ఆలోచించరు. మొదటి వారం దాని పక్క మీ మంచం పక్కనే వేయండి. మంచం మీదికి ఎక్కించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ ఇంట్లో పెద్దవాళ్ల ఇష్టం. చెయ్యి కిందికి చాపితే తగిలేంత దగ్గరుంటే చాలు. తెచ్చుకునే రోజున తల్లి పడుకునే చోటు నుంచి ఒక గుడ్డపేలిక అడిగి తెచ్చి, ఉతక్కుండా పక్కలో వేయండి. బెంగ తీరాక పక్కను రోజుకింత జరుపుతూ మీరనుకున్న చోటికి చేర్చవచ్చు. అలా చేస్తే నెత్తికెక్కి కూర్చుంటుందని భయపెట్టేవాళ్లు ఉంటారు. నా లెక్కలో, భయం తీరిన కుక్కే ఒంటరిగా పడుకోవడం త్వరగా నేర్చుకుంటుంది.

దగ్గర పడుకోబెట్టుకుంటే ఇంకో లాభం, అది కదిలితే మీకు తెలుస్తుంది. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు కాబట్టి రాత్రి ఒకసారైనా మీరు లేవక తప్పదు. పగలైతే నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికి తీసుకెళ్లండి. కాస్త గమనిస్తే గుర్తు దొరుకుతుంది: ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగి, ముక్కు నేలకానించి, ఒకచోటే గిరగిరా తిరుగుతుంది. ఆ క్షణంలో ఎత్తుకెళ్లి బయట దింపి, పని కానివ్వగానే నోట్లో తినేదేదో చిన్న ముక్క పెట్టండి. హాల్లో పోసిందని మూతి తీసుకెళ్లి అందులో రాయడం మన దగ్గర తరతరాల వైద్యం. దాంతో అది నేర్చుకునేదల్లా ఈసారి మీ కంటపడకుండా సోఫా వెనక పోయడం.

పాలూ బ్రెడ్డూ మానండి. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలవుతాయి. తెచ్చుకున్న చోట ఏం తినేదో అడిగి మొదట అదే పెట్టి, వారం రోజుల్లో మెల్లగా మార్చుకోండి. విరేచనాలకు తోడు వాంతులు, రక్తం కనిపిస్తే, ముద్ద ముట్టకపోతే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇలాంటి జబ్బులు అంటకుండా, 16 వారాలకు టీకాలన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించొద్దంటారు. కుక్కపిల్ల లోకాన్ని చూసి భయపడకుండా నేర్చుకునే వయసేమో మూడో వారం నుంచి దాదాపు 14వ వారం దాకానే. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి చూసి, 1965లో అచ్చేసిన పుస్తకంలో ఈ తొలివారాల ప్రాముఖ్యం వివరంగా రాశారు. టీకాల పేరు చెప్పి నాలుగు గోడల మధ్య ఉంచిన పిల్ల పెద్దయ్యాక హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాడి మీదా మొరుగుతుంది. ఎత్తుకుని తిప్పడానికి అడ్డేముంది? వీధి కుక్కలు తిరిగే నేల మీద దింపకుండా ఆటో హారన్, గొడుగు, చీపురు, వచ్చేపోయే జనం, దూరం నుంచి బోనాల డప్పు, అన్నీ రోజుకు కాసేపు చూపించండి, వినిపించండి. బెదిరితే ఇంటికి తెచ్చేయండి, బలవంతం వద్దు.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. ఆటలో దాని పళ్లు గుచ్చుకుని పిల్లలకు రక్తం చిమ్మితే ‘చిన్న కూనేలే’ అని వదిలేయకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. అయినా నెల నిండీ నిండని కూనల్ని బుట్టల్లో పెట్టి అమ్ముతూనే ఉన్నారు, పుట్టినరోజు కానుకంటూ మనం కొంటూనే ఉన్నాం. కొనేముందు పుట్టిన తేదీ అడగండి. లెక్క తగ్గితే డబ్బు జేబులోనే ఉంచుకుని, ఎనిమిది వారాలు నిండాక వస్తామని చెప్పి వచ్చేయండి.