పాత క్యారవాన్ కొంటున్నారా? ముందు దాని గాలిని పరీక్షించండి

వసంత పంచమి నాడు పిల్లలకు అక్షరాభ్యాసం చేయించాలని బాసర వచ్చే కుటుంబాలలో చాలామంది ముందురోజు రాత్రికే క్షేత్రానికి చేరుకుంటారు. అది మాఘమాసం. గోదావరి ఒడ్డున చలి గట్టిగానే ఉంటుంది. రద్దీ రోజులలో గది దొరకడం కష్టం. అటువంటప్పుడు సినిమా తారలకు ఉన్నట్లు మనకూ ఒక క్యారవాన్ ఉంటే ఎంత హాయి అనిపించడం సహజమే. కొత్తది అందరికీ అందుబాటులో ఉండదు కనుక, పాత క్యారవానో, మంచాలు, పొయ్యి, ఏసీ అమర్చిన పాత వ్యానో కొనాలన్న ఆలోచన కలుగుతుంది.

పాత బండి కొనడం తప్పని నేను అనను. కొనేవారు చూసే క్రమం మాత్రం సరికాదని నా అభిప్రాయం. ఇంజను, మైలేజీ, రంగు, పరుపులు ఇవన్నీ చూస్తారు. కానీ ప్రయాణించే బండికి ఇంజను ఎంత ముఖ్యమో, నిద్రించే బండికి గాలి అంత ముఖ్యం. దానిని పరీక్షించేవారు అరుదు.

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద, రహదారి పక్కన నిలిపి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు మృతి చెంది కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాహనం అడుగుభాగంలోని రంధ్రం గుండా లోపలికి చేరిందని నిపుణుల పరీక్షలో తేలింది. ఆలోచించండి. మృత్యువు ప్రవేశించడానికి అక్కడ ఒక రంధ్రం చాలింది. పాత బండిలో అటువంటి రంధ్రాలకు కొదవ ఉండదు. అడుగు రేకు తుప్పు పడుతుంది. పొగగొట్టం అతుకులు వదులవుతాయి. తలుపుల రబ్బరు ఎండి పగులుతుంది. వైర్ల కోసం, నీటి గొట్టాల కోసం వేసిన రంధ్రాలను ఎవరూ సరిగా పూడ్చరు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు మించిన బలంతో అంటిపెట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం కలుగుతాయి. ప్రయాణపు బడలిక అనుకుని పడుకుంటే, నిద్రలోనే స్పృహ తప్పవచ్చు. మరొక సంగతి తప్పక గుర్తుంచుకోండి. కోవిడ్ కాలంలో మనమందరం కొనుక్కున్న పల్స్ ఆక్సీమీటర్ ఈ విషయంలో మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కించి, ప్రమాదంలో ఉన్న మనిషికి కూడా మంచి అంకెనే చూపుతుంది.

బండిలో ఉన్నవారికి ఒకేసారి తలనొప్పి వస్తే అనుమానించండి. వెంటనే అందరినీ ఆరుబయటకు చేర్చి, 108కి ఫోన్ చేయండి. దీనికి చికిత్స ఆక్సిజన్. నిమ్మరసం, మజ్జిగ ఇస్తూ కాలయాపన చేయవద్దు. చలికి తాళలేక బండిలో బొగ్గుల కుంపటి పెట్టినా ఇదే విషవాయువు పుడుతుంది.

రెండవ ప్రమాదం వంటగ్యాస్. అది గాలికంటే బరువైనది కనుక, కారితే నేలబారున, మంచాల కింద పేరుకుంటుంది. 2023 ఆగస్టులో మదురైలో నిలిపి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో, అనుమతి లేకుండా తెచ్చిన గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు చెలరేగి తొమ్మిది మంది మరణించారు. యాత్రలో వంట బండి బయటే చేసుకోవడం ఉత్తమం.

కొనాలని నిశ్చయించుకుంటే ఈ పరీక్షలు చేయండి. బండిని ర్యాంపు మీదికి ఎక్కించి అడుగుభాగం, పొగగొట్టం మెకానిక్‌కు చూపించండి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంచి, మనుషులెవరూ లేకుండా తలుపులు మూసి, ఇంజను, జనరేటర్, ఏసీ చాలాసేపు నడిపించండి. పొగను గుర్తించే అలారం గానీ, వంటగ్యాస్‌ను గుర్తించే అలారం గానీ ఈ పనికి రావు. పాత బండితో వచ్చిన అలారాన్ని నమ్మవద్దు. దాని సెన్సరుకూ ఆయుష్షు ఉంటుంది. టైరు అంచున నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. తక్కువ తిరిగిన బండి టైర్లు అరగకపోయినా, వయసుతో పగులుతాయి. నీళ్ల ట్యాంకు లోపలికి చేయి పెట్టి చూడండి. పరుపుల కింద బూజు ఉంటే ఉబ్బసం ఉన్నవారికి ఆ బండి తగదు.

కాగితాల సంగతీ ఆరోగ్యానికి సంబంధించినదే. సొంత వాహనం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి, ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా బండి నిర్మాణం మార్చరాదు. ఆర్‌సీలో ఉన్నదానికీ, కళ్లముందున్న బండికీ పొంతన లేకపోతే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీతో వివాదం తప్పదు. బండి కదులుతున్నప్పుడు ఎవరూ మంచం మీద పడుకోరాదు. బెల్టున్న సీట్లు ఎన్ని ఉన్నాయో అంతమందే ప్రయాణించాలి.

అన్నీ సరిగా ఉన్నా, రాత్రి ఇంజను గానీ జనరేటర్ గానీ నడుపుతూ నిద్రించవద్దు. గాలి ఆడేలా కిటికీ కొంత తెరిచి, దుప్పటి కప్పుకోండి. గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్నవారు కార్బన్ మోనాక్సైడ్‌ను అసలే తట్టుకోలేరు. వారికి ఎంత సాదా గది దొరికినా అదే మేలు. ఈ పరీక్షలకు అమ్మేవారు ఒప్పుకోకపోతే, ధర ఎంత తగ్గించినా ఆ బండి మీకు వద్దు. పిల్లవాడికి పలకా బలపం కొనే శ్రద్ధతోనే ఒక అలారం కూడా కొనండి. మర్నాడు ఓం నమః అని దిద్దవలసిన చేయి అది.