మడిచిన రొట్టె, మరచిన రొట్టె

ఆహారం కేవలం ఆకలి తీర్చుకొనే సాధనం మాత్రమే కాదు. ఏ పదార్థాన్ని గౌరవిస్తామో, దేనిని చూచి సిగ్గుపడతామో, దానిలో మన మనస్సు బయటపడుతుంది. ఈ సత్యం నాకు గ్రంథాల వలన గాక, ఒక మిత్రుని టిఫిన్ డబ్బా వలన తెలిసింది.

పల్లె నుండి వచ్చి మాతో చదివిన ఆ మిత్రుడు రోజూ జొన్నరొట్టె, గోంగూర పప్పు తెచ్చుకొనేవాడు. మేము నవ్వేవాళ్ళం. నవ్విన వారిలో నేనూ ఒకడిని. కొన్నాళ్ళకు అతడు డబ్బా తేవడమే మానుకున్నాడు. ఆ సంవత్సరమే మేము చందాలు వేసుకొని సికిందరాబాదులోని ఒక ఫలహారశాలకు వెళ్ళి, మెక్సికో దేశపు 'టాకో' తిన్నాము. మడిచిన మొక్కజొన్న రొట్టె, లోపల మాంసం, ఉల్లి, కొత్తిమీర, పైన నిమ్మరసం. అతడు మాతో రాలేదు. ఆ రొట్టెను చేతిలోకి తీసుకున్న తరువాత గాని, మేము ఎగతాళి చేసినది దాని దాయాదినే అని నాకు తోచలేదు.

టాకోను నిందించడం నా అభిమతం కాదు. మెక్సికో ప్రజల సంప్రదాయ వంటను 2010లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. వారు మొక్కజొన్నను సున్నపునీటిలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి రొట్టె చేస్తారు. అందువలన గింజలో బంధింపబడి ఉన్న నియాసిన్ అనే విటమిను శరీరానికి అందుతుంది. ఐరోపావారు గింజను తీసుకొనిపోయారు గాని ఈ పద్ధతిని తీసుకొనిపోలేదు. ఫలితంగా 18వ శతాబ్దంలో స్పెయిన్, ఇటలీ దేశాలలో మొక్కజొన్నే ప్రధానాహారమైన పేదలు పెల్లగ్రా వ్యాధికి గురి అయ్యారు. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొరలు లేచే వ్యాధి అది.

ఆ వ్యాధి దక్కనులోనూ ఉండేది. జొన్నలే ప్రధానాహారమైన నిరుపేద కూలీలలో అది కనిపించేది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంటయ్య 1960లో ఒక పరిశోధన ప్రకటించారు. జొన్నలో ల్యూసిన్ అధికంగా ఉండటం ఈ వ్యాధికి కారణం కావచ్చునని వారు సూచించారు. దీనిని బట్టి జొన్న చెడ్డదని తీర్మానించరాదు. ఏ గింజా ఒంటరిగా మనిషిని పోషించలేదు. పప్పు, ఆకుకూర, పాలు, మాంసం వంటి తోడు దానికి కావాలి. మా మిత్రుని డబ్బాలో రొట్టెకు తోడుగా ఆకుకూర, పప్పు రెండూ ఉన్నాయి. అతని తల్లికి తెలిసిన శాస్త్రం మాకు తెలియలేదు.

కాబట్టి టాకో తినదలచిన మిత్రులు ఇంటిలోనే, మన గింజతోనే చేసి చూడవలెనని నా మనవి. మరిగిన నీటితో జొన్నపిండిని బాగా మర్దించి, అరచేతితో పలుచగా తట్టి, పెనం మీద వేసి, పైన తడి అద్ది కాల్చాలి. గోధుమకున్న సాగే గుణం జొన్నకు లేదు గనుక చల్లారితే రొట్టె విరుగుతుంది. వేడిగా ఉండగానే బట్టలో చుట్టి ఉంచాలి. నీరు ఇగిరేదాకా వేయించిన కీమా, లేదా ఉడికించిన అలసందలు లోపలికి బాగుంటాయి. తడి కూర రొట్టెను నానబెట్టి చింపివేస్తుంది. దస్తర్‌ఖాన్ పరచి, రొట్టెలు ఒకవైపు, కూర, తరిగిన ఉల్లి, కొత్తిమీర, నిమ్మబద్దలు వేరువేరు గిన్నెలలో ఉంచితే ఎవరికి కావలసినది వారు మడుచుకుంటారు. ఈ పని అమ్మకు, అక్కచెల్లెళ్ళకు మాత్రమే అప్పగించరాదు. పెనం ముందు మగపిల్లలూ కూర్చోవాలి.

మిగిలిన పదార్థం విషయంలో అశ్రద్ధ తగదు. కూర పెట్టిన రొట్టెను దాచరాదు. వండిన కీమాను రెండు గంటలలోగా, మన వేసవి ఎండలలోనైతే గంటలోగానే, మూత గల పాత్రలో ఫ్రిజ్‌లో ఉంచి, మూడు దినాలలో ముగించాలి. తిరిగి తినేటప్పుడు పొగలు వచ్చేదాకా కాచాలి. కోసిన ఉల్లి, టమాటా ఆ పూటకే సరిపోయేటట్లు కోసుకొనుట మేలు. రొట్టె నిలువ ఉండవలెనంటే కలబురగి ప్రాంతపు పద్ధతి ఉన్నది. అక్కడ జొన్నరొట్టెను తేమ పూర్తిగా పోయేదాకా కరకరలాడేటట్లు ఎండబెట్టి, చాలా దినాలు వాడుకుంటారు.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. జొన్నకు ప్రపంచ వేదిక మీద గౌరవం దక్కినందుకు సంతోషమే. అయితే తరగతి గదిలో డబ్బా మూత తీయడానికి ఒక విద్యార్థి జంకుతున్నంత కాలం ఆ గౌరవం అసంపూర్ణమే. పరదేశపు వంట నేర్చుకుందాం, ఆదరిద్దాం. ఆ ఆదరణలో సగమైనా పక్కన కూర్చున్నవాని అన్నానికి చూపుదాం.

ఆ మిత్రుడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఈ సంచిక అతని చేతికి చేరితే, నా క్షమాపణను స్వీకరించుగాక. మా ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గర అతనికి ఎల్లప్పుడూ చోటు ఉన్నది. రొట్టె నేనే తడతాను.