రెసిన్ పోత – లక్క చెప్పు పాఠము

పువ్వు వాడకుండ నిలువవలెనను కోరిక మనుష్యునకు అనాదిగా కలదు. ఆ కోరికయే నేడు రెసిన్ పోతయను పేర ఇండ్లలో చేతిపనియై వెలసినది. రెండు ద్రవములు కలిపి, సిలికాన్ అచ్చులో పోసి, ఒక దినము వేచియున్నచో గాజువంటి బిళ్ళ చేతికి వచ్చును. విద్యార్థులు ముచ్చటపడుట సహజమే. వలదనుట నా అభిమతము కాదు. తెలిసి చేయుడని మాత్రమే నా మనవి.

వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రపై లక్క పూసి బొమ్మలు చేయుదురు. వానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. లక్కయు పురుగు స్రవించు రెసినే. కాని భేద మొకటి కలదు. లక్క వేడికి మరల కరగును. ఎపాక్సీ ఒకసారి బిగిసినచో కరగదు, మన్నులో కలియదు. దిద్దుకొన వీలులేని పనికి జాగ్రత్త ముందే కావలెను.

హార్డెనరు ఎక్కువ పోసినచో త్వరగా గట్టిపడునని పలువురు తలతురు. అది పొరపాటు. ఇది రసాయన చర్య; సీసాపై వ్రాసిన పాలు, 1:1 కాని 2:1 కాని, తప్పినచో బిళ్ళ జిగటగానే మిగులును. ఒకేసారి ఎక్కువ కలిపినచో పాత్ర చేయి పట్టలేనంత వేడెక్కును. కావున కొద్దిగా కలిపి, పలుచగా పోయుటయే మేలు.

గోదావరి పాయల నడుమ, సముద్రపు చెంత నున్న మన కోనసీమలో గాలి చెమ్మ అధికము. చెమ్మ సోకిన పోతపై జిడ్డువంటి పొర కమ్మును. అందుచే ముసురు దినములు ఈ పనికి తగవు. పువ్వు పూర్తిగా ఎండవలెను. కొబ్బరిచిప్ప ముక్కకైనను ముందుగా పలుచని పూత వేయనిచో దాని రంధ్రములనుండి బుడగలు లేచును.

అన్నిటికంటె ముఖ్యము ఆరోగ్యము. గట్టిపడని ఎపాక్సీ పలుమార్లు చర్మమునకు తగిలినచో దురద, దద్దురులు కలుగవచ్చును. ఆ పడనితనము ఒకసారి ఏర్పడినచో సాధారణముగా జీవితాంతము విడువదు. నైట్రైల్ చేతొడుగులు, తెరచిన కిటికీలు తప్పనిసరి. తడిపి అరగదీయవలెను, ధూళి పీల్చరాదు. చిన్న తరగతుల పిల్లల చేతికి ఈ సీసా లీయరాదని నా దృఢాభిప్రాయము.

ఉపాధ్యాయులు పిల్లలచే నూరు తాళపుచెవుల బిళ్ళలు చేయించుటకంటె, ఒక్కదానిని శ్రద్ధగా చేయించుట మేలు. మన్నులో కలియని వస్తువును చేయుటకు ముందు, ఇది నిలుపదగినదేనా యని ప్రశ్నించుకొనుట నేర్పినచో, అదియే ఈ విద్యకు సార్థకత.