పేరిత చెప్పే బోటనీ పాఠం

'మెడిసిన్‌ సీటు రాలేదు, బోటనీలో చేరాడు'... చాలా ఇళ్లలో ఆ సబ్జెక్టు ప్రస్తావన వచ్చేది ఇలాగే. మొక్కల పేర్లు బట్టీపట్టే చదువేగా అన్న చిన్నచూపూ ఉంది. తిరుమల కొండల్లోని 'పేరిత' సంగతి తెలిస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది పేరిత. శాస్త్రీయనామం సైకస్‌ బెడ్డోమి. డైనోసార్లు తిరిగిన కాలంనుంచీ ఉన్న వంశం దానిది. ప్రపంచం మొత్తమ్మీద అది సహజంగా పెరిగేది తిరుపతి, కడప ప్రాంతాల కొండల్లోనే. అందుకే అడవినుంచి తెచ్చి విదేశాలకు అమ్మడాన్ని నిషేధించే 'సైటిస్‌' ఒప్పందం మొదటి జాబితాలో దానికి చోటిచ్చారు.

బొప్పాయిలో చూస్తుంటాం కదా, అలాగే ఇందులోనూ ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మగమొక్క నడినెత్తిన పెద్ద మొక్కజొన్న పొత్తులాంటి శంకువు వస్తుంది. పుప్పొడి ఉండేది అందులోనే. నాటుమందులకోసం కోసుకెళ్లేదీ దాన్నే! మొక్కను నరకలేదుగా, నష్టమేముంది అనిపిస్తుంది. కానీ పుప్పొడి లేకపోతే ఆడమొక్కకు గింజ పట్టదు. కొండ పచ్చగానే కనిపిస్తుంది, పిల్లమొక్కలే కరవవుతాయి. పైగా శంకువు వేసేదాకా ఏది ఆడో ఏది మగో చెప్పలేం. అందుకు ఏళ్లు పడుతుంది.

మొక్కల సంరక్షణ చదివే విద్యార్థి పని ఇక్కడే మొదలవుతుంది. కొండమీద ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెడితే చాలదు. శంకువు వేసినవెన్ని, గింజ పట్టినవెన్ని, కొత్తగా మొలిచినవెన్ని... ఏటేటా రాసుకోవాలి. కొమ్మల్ని ఎండబెట్టి హెర్బేరియం షీట్లకు అతికించాలి. గాంబుల్‌ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథంతో పోల్చి చూడాలి. అదే చేత్తో ప్రయోగశాలలో కణజాల వర్ధనమూ నేర్చుకోవాలి.

ఈ చదువుకు దారులు లేకపోలేదు. తిరుపతి ఎస్వీ, ఆంధ్రా, ఉస్మానియా వర్సిటీల్లో ఎమ్మెస్సీ బోటనీ ఉంది. ఇండియన్‌ ఫారెస్ట్‌ సర్వీస్‌ మెయిన్స్‌లో బోటనీని ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. 1890లో మొదలైన బొటానికల్‌ సర్వే ఆఫ్‌ ఇండియాకు హైదరాబాద్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది.

శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్‌ రిజర్వుగా ప్రకటించారు. అది చేనుకు కంచె వేయడం లాంటిది. కంచె లోపల గింజ పట్టిందో లేదో చూడాల్సింది మాత్రం మనిషే. పిల్లలు బోటనీ చదువుతానంటే... ఆ మనిషి మీ ఇంట్లోనే ఉండొచ్చు!