తుపాను రాడార్‌కు చిప్పు చిక్కు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలాదిమంది అసువులు బాశారు. ఇప్పుడు మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉన్నది. తుపాను సముద్రంలో ఉండగానే వాన ఎంత, గాలి ఎటు అన్నది అది పసిగడుతున్నది.

రాడార్ పంపిన తరంగం చినుకులను తాకి వెనక్కి వస్తుంది. కంప్యూటరుకు మాత్రం అంకెలే కావాలి. తరంగాన్ని సెకనుకు కోట్లసార్లు కొలిచి అంకెలుగా మార్చేది గోరంత చిప్పు. దగ్గరి కుంభవృష్టి నుంచి వచ్చే తరంగం బలమైనది, దూరపు జల్లుది బహు బలహీనం. రెండూ ఒకే చిప్పు కొలవాలి. కుంచంతో కొలిచే చోట గిద్ద లెక్కకు రాదు కదా! 8 బిట్ల చిప్పు కొలతలో 256 మెట్లే. 14 బిట్లయితే 16,384. వేగం పెంచితే కొలతలో నాణ్యత నిలుపుకోవడం కష్టం. అసలు చిక్కు అక్కడే.

రాడార్లను మన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారు చేస్తున్నది. కాని ఇటువంటి చిప్పుల తయారీలో అమెరికా కంపెనీలదే పైచేయి. యుద్ధ రాడార్లకు పనికివచ్చే అత్యధిక వేగం గల రకాలపై ఎగుమతి ఆంక్షలు కూడా ఉన్నాయి. తుపాను రాడార్‌కు అంత వేగం అక్కరలేదు, అదొక ఊరట. అయినా నవంబరులో చిప్పు చెడితే, కొత్తది వచ్చేదాకా తుపాను ఆగదు. విడిభాగాల నిల్వను అధికారులు వర్షాకాలంలోనే సరిచూడవలసి ఉన్నది.